ఒకే స్థలం, మూడు తోటలు: ఇంటి తోట డిజైన్‌ను ఏది నిర్ణయిస్తుంది?

ఇంటి వెనక ఖాళీ చోట తోట వేయాలనుకోగానే చాలామంది ముందు ఫొటోలు వెతుకుతారు. నచ్చిన ఫొటోలో ఉన్న మొక్కలే తెచ్చి నాటుతారు, రాళ్ల బాట కూడా అచ్చం అలాగే పరుస్తారు. ఏడాది తిరిగేసరికి లాన్ పలచబడుతుంది, పొదలు బాట మీదికి వాలతాయి, వానొస్తే గుమ్మం ముందు నీళ్లు నిలుస్తాయి. మొక్కలు నాసిరకమనో, మాలి సరిగా చూడలేదనో అనుకుంటారు. చాలాసార్లు తప్పు వాళ్లది కాదు. ఫొటోలోని తోట వేరే ఎండకు, వేరే నేలకు, వేరే మనుషులకు కుదిరింది, అంతే.

తోట డిజైన్ అంటే రెండు జాబితాలను ఒకదానితో ఒకటి కుదర్చడం. స్థలం దేనికి ఒప్పుకుంటుంది అన్నది మొదటి జాబితా: ఎండ, నేల, వాలు, గాలి, మోయగల బరువు. దీన్ని రాసుకోవడాన్ని సైట్ సర్వే అంటారు. ఆ ఇంటివాళ్లకు ఏం కావాలన్నది రెండోది. దీని పేరు బ్రీఫ్. ఇక బాటలు, గట్లు, మెట్లు, పందిళ్లు కలిపి హార్డ్‌స్కేప్. మట్టి, మొక్కలు సాఫ్ట్‌స్కేప్. రెండు జాబితాలూ ఎక్కడో ఒకచోట ఢీకొంటాయి. ఎక్కడ ఢీకొంటున్నాయో కాగితం మీద ముందే చూడగలిగితే అది డిజైన్. మొక్కలు చచ్చాక తెలిస్తే అది ఖర్చు. ఏ శైలి తోట అన్న ప్రశ్న వీటన్నిటి తర్వాతే రావాలి.

ఈ వ్యాసమంతా ఒక ఊహా స్థలాన్ని ఉదాహరణగా తీసుకుందాం. తూర్పు పడమరలుగా 9 మీటర్లు, ఉత్తర దక్షిణాలుగా 6 మీటర్లు, మొత్తం 54 చదరపు మీటర్ల పెరడు. దానికి దక్షిణాన 6.5 మీటర్ల ఎత్తున్న రెండంతస్తుల ఇల్లు. చోటు 20 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది.

ఎండ: డిసెంబరు తోట, జూన్ తోట ఒకటి కావు

మొక్కల చీటీల మీద కనిపించే మాటల అర్థం ఇది. రోజుకు 6 గంటలు, అంతకు మించి నేరుగా ఎండ తగిలితే పూర్తి ఎండ. 3 నుంచి 6 గంటలైతే పాక్షిక నీడ. 3 గంటల లోపైతే నీడ. ఇక్కడ లెక్క వెలుతురుది కాదు, నేరుగా పడే ఎండది. నీడపట్టున ఉన్న చోటు మనిషి కంటికి వెలుగుగానే కనిపిస్తుంది, మొక్కకు మాత్రం ఆకలే.

ఏ నెలలో ఎంత నీడ పడుతుందో కొలవకుండానే లెక్కగట్టవచ్చు. మిట్ట మధ్యాహ్నం సూర్యుడు ఎంత ఎత్తులో ఉంటాడో తెలియాలంటే 90 నుంచి అక్షాంశాన్ని తీసేయాలి. మార్చి, సెప్టెంబరు 20వ తేదీ ప్రాంతాల్లో అదే జవాబు. డిసెంబరు 21 నాటికి అందులోంచి మరో 23.4 డిగ్రీలు తీసేయాలి, జూన్ 21 నాటికి 23.4 కలపాలి. గోడ ఎత్తును ఆ కోణపు టాంజెంట్‌తో (కాలిక్యులేటర్‌లో tan) భాగిస్తే నీడ పొడవు వస్తుంది.

మన పెరటికి వేసి చూద్దాం. డిసెంబరులో సూర్యుడి ఎత్తు 46.6 డిగ్రీలు. ఇంటి నీడ 6.5 ÷ 1.057, అంటే సుమారు 6.1 మీటర్లు. పెరటి లోతు 6 మీటర్లే కాబట్టి మధ్యాహ్నానికి తోట మొత్తం నీడలోకి వెళ్లిపోతుంది. ఉదయం ఈశాన్య మూలకు, సాయంత్రం వాయవ్య మూలకు, పక్కన అడ్డేమీ లేకపోతే, కాస్త ఎండ తగులుతుంది. మార్చిలో నీడ 2.4 మీటర్లకు తగ్గుతుంది. జూన్‌లో కోణం 90 దాటి 93.4 అవుతుంది, అంటే సూర్యుడు నడినెత్తిని దాటి కొంచెం ఉత్తరానికి వెళ్తాడు. ఇంటి నీడ ఈ పెరట్లో అసలు పడదు. చలికాలంలో రోజంతా చల్లగా ఉన్న ఇంటి ఉత్తర గోడ వేసవిలో పొద్దున, సాయంత్రం కూడా కాగుతుంది.

ఇదే ఇంటిని 40 డిగ్రీల అక్షాంశానికి తీసుకెళ్తే డిసెంబరు నీడ 13 మీటర్లు, జూన్ నీడ దాదాపు 2 మీటర్లు. అక్కడ ఉత్తరపు గోడ వెంట చల్లదనం కోరే మొక్కలు ఏడాదంతా హాయిగా బతుకుతాయి. ఇక్కడ అవే మొక్కలు జూన్‌లో మాడతాయి. దక్షిణార్ధగోళంలోనైతే దిక్కులు, నెలలు రెండూ తారుమారవుతాయి.

దీన్నిబట్టి మన పెరట్లో రెండు విషయాలు తేలిపోయాయి. వేసవిలో కూర్చునే చోటికి గోడ నీడ పనికిరాదు, నెత్తిమీద పందిరో చెట్టు కొమ్మలో ఉండి తీరాలి. ఏడాదంతా ఎండ కోరే గులాబీలు, కూరగాయల మడులు ఇంటికి దూరంగా, ఉత్తరపు అంచునే ఉండాలి. అక్కడ కూడా చలికాలంలో కాపు తగ్గుతుందని ముందే చెప్పాలి.

నీరు: ఎంత ఇంకుతుంది, మిగిలింది ఎటు పోతుంది

నేల స్వభావం తెలుసుకోవడానికి ఒక గుంత చాలు. అడుగు వెడల్పు, అడుగు లోతు తవ్వి నీళ్లు నింపి పూర్తిగా ఇంకనివ్వాలి. ఆ మొదటిసారిది లెక్కలోకి రాదు, పొడి మట్టి అత్యాశగా తాగేస్తుంది. రెండోసారి నింపి గంటకు మట్టం ఎంత దిగిందో చూడాలి. 2.5 నుంచి 7.5 సెంటీమీటర్లు దిగితే చాలా మొక్కలకు అనువైన నేల. అంతకన్నా నెమ్మదిగా దిగితే బంకనేల, లేదా ఇల్లు కట్టేటప్పుడు లారీలు తిరిగి అణగదొక్కిన నేల. 10 సెంటీమీటర్లు దాటితే నీరు, ఎరువు రెండూ నిలవవు, కంపోస్ట్ బాగా కలపాలి. బంకనేలకు ఇసుక కలిపితే వదులవుతుందని నమ్మేవాళ్లు ఎక్కువ. కొద్దిపాటి ఇసుకతో అది ఇంకా గట్టిపడుతుంది. దానికి కావలసింది కూడా సేంద్రియ పదార్థమే.

వాననీటి లెక్క తేలిక. ఒక మిల్లీమీటరు వాన, ఒక చదరపు మీటరు మీద పడితే ఒక లీటరు. మన ఇంటి కప్పులో 40 చదరపు మీటర్ల నీరు పెరట్లోకి దిగుతోందనుకుందాం. గంటలో 50 మిల్లీమీటర్ల వాన పడితే, పదో వంతు నష్టం తీసేసినా, 1800 లీటర్లు వస్తాయి. పెరటి మీద నేరుగా పడేది ఇంకో 2700. మొత్తం 4500 లీటర్లు. పెరట్లో 30 చదరపు మీటర్లు మట్టిగా వదిలి, అది గంటకు 2.5 సెంటీమీటర్లు ఇంకించుకునే నేలైతే, ఆ గంటలో ఇంకేది 750 లీటర్లే. మిగతా 3750 లీటర్లకు దారి చూపించని ప్లాన్ ఎంత అందంగా ఉన్నా అసంపూర్ణమే.

ఒక దారి రెయిన్ గార్డెన్, అంటే వాన వెలిశాక ఇంకిపోయేలా తవ్విన లోతు తక్కువ పల్లం. 12 చదరపు మీటర్ల పల్లాన్ని 15 సెంటీమీటర్ల లోతు తీస్తే 1800 లీటర్లు పడతాయి, కప్పు నీళ్లకు సరిపోతుంది. పైన చెప్పిన నేలలో ఇది ఆరు గంటల్లో ఇంకిపోతుంది. రెండు రోజులకు మించి నిలిస్తే దోమలు, వేరుకుళ్లు వస్తాయి. ఇంటి పునాదికి కనీసం 3 మీటర్ల దూరంలో ఉండాలి. నిండాక పొర్లే నీటికి వేరే కాలువ తప్పనిసరి.

పరిచిన రాళ్లకు, పేవర్ బ్లాకులకు మీటరుకు 2 సెంటీమీటర్ల చొప్పున ఇంటి నుంచి బయటికి వాలు ఇవ్వాలి. 3 మీటర్ల అరుగుకు 6 సెంటీమీటర్లు. కంటికి తెలియదు గానీ నీటికి తెలుస్తుంది. గోడలోకి తేమ ఎక్కకుండా పునాది మీద వేసే అడ్డుపొర కన్నా అరుగు పైమట్టం 15 సెంటీమీటర్లు కిందే ఉండాలి. చాలా ఇళ్లలో పాత గచ్చు మీదే కొత్త బ్లాకులు పరుస్తారు. మట్టం పెరిగి ఆ 15 సెంటీమీటర్లు మాయమవుతాయి, తర్వాతి వానాకాలం లోపలి గోడకు చెమ్మ పడుతుంది.

మేడ మీద, బాల్కనీలో: అసలు హద్దు బరువే

నేల మీద తోటకు నీరు హద్దయితే, స్లాబ్ మీద బరువు హద్దు. తడిసిన తోటమట్టి ఘనపు మీటరుకు 1600 నుంచి 2000 కిలోలు తూగుతుంది. 1800 అనుకుంటే, అడుగు లోతు మట్టి ఒక్క చదరపు మీటరు మీద 540 కిలోలు. మనుషులు తిరిగే మామూలు ఇంటి డాబాకు చదరపు మీటరుకు 150 నుంచి 200 కిలోల అదనపు బరువును లెక్కలోకి తీసుకోవడం పరిపాటి. కోకోపీట్ (కొబ్బరి పొట్టు), పెర్లైట్ (తేలికైన తెల్లటి ఖనిజపు గుళికలు), కంపోస్ట్ కలిపిన తేలిక మిశ్రమం తడిశాక ఘనపు మీటరుకు దాదాపు 1000 కిలోలుంటుంది. దానితో కూడా అడుగు లోతుకు 300 కిలోలు. కాబట్టి మేడంతా మడులుగా మార్చే ఆలోచన స్ట్రక్చరల్ ఇంజినీరు లెక్క చూడకుండా చేయకూడదు. తేలిక మిశ్రమం, 15 సెంటీమీటర్ల లోతు, ఆకుకూరలు, పచ్చిక లాంటివి అయితే లెక్క 150 కిలోల దగ్గర నిలుస్తుంది, అయినా అడిగే వేయాలి.

ఒక్క కుండీ సంగతి చూడండి. 45 సెంటీమీటర్ల వెడల్పు, అంతే ఎత్తున్న గుండ్రటి కుండీలో దాదాపు 72 లీటర్ల మట్టి పడుతుంది. మామూలు మట్టితో తడిశాక 129 కిలోలు, తేలిక మిశ్రమంతో 72. కుండీ బరువు, మొక్క బరువు వేరే. ఇలాంటివి దూరదూరంగా, కింద దూలాలు, గోడలు ఉన్న చోట పెడితే ఇబ్బంది తక్కువ. స్లాబ్ నడిమధ్యన గుంపుగా పెడితేనే ప్రమాదం.

బాల్కనీలో చిక్కు ఇంకా సూక్ష్మం. చాలా బాల్కనీలు గోడలోంచి బయటికి పొడుచుకొచ్చినవి. వాటి మీద వంచే బలం బరువును బట్టే కాదు, గోడ నుంచి దూరాన్ని బట్టి కూడా పెరుగుతుంది. గోడకు 20 సెంటీమీటర్ల దూరంలో పెట్టిన కుండీని మీటరు దూరంలోని రెయిలింగ్ దగ్గరికి జరిపితే వేళ్ల దగ్గర, అంటే స్లాబ్ గోడలో కలిసే చోట, ఒత్తిడి ఐదు రెట్లవుతుంది. ఎండ రెయిలింగ్ దగ్గరే ఉంటుంది కాబట్టి అందరూ పెద్ద కుండీలను అక్కడే వరసపెడతారు. రెయిలింగ్‌కు చిన్న, తేలిక కుండీలు; బరువైనవి గోడవారన, వాటిలో నీడ తట్టుకునే మొక్కలు. బాల్కనీ డిజైన్ ఈ ఒక్క సర్దుబాటు చుట్టూనే తిరుగుతుంది.

కుండీ అడుగున గులకరాళ్లు వేస్తే నీరు బాగా దిగుతుందన్న నమ్మకాన్ని కూడా ఇక్కడే సరిచేయాలి. సన్నని రంధ్రాలున్న మట్టి నీటిని పట్టి ఉంచుకుంటుంది. కింద పెద్ద ఖాళీలున్న రాళ్లు తగిలినప్పుడు, పైమట్టి పూర్తిగా తడిసి ముద్దయితే గానీ నీరు రాళ్లలోకి జారదు. రాళ్లు లేనప్పుడు కుండీ అడుగున ఉండే ఆ ముద్ద పొర, రాళ్లు వేశాక వాటి పైకి, వేళ్లకు ఇంకా దగ్గరగా జరుగుతుంది. 30 సెంటీమీటర్ల కుండీలో 5 సెంటీమీటర్లు రాళ్లకు పోతే వేళ్లకు మిగిలేది 25, అందులోనూ అడుగు భాగం ముద్ద. చిల్లు మూసుకోకుండా దాని మీద చిన్న జాలీ ముక్క చాలు. కుండీని పాదాల మీద ఎత్తి పెడితే నీరు సాఫీగా పోతుంది, కింద స్లాబ్ ఆరుతుంది, వాటర్‌ప్రూఫింగ్ పాడవదు.

“పని తక్కువుండే తోట” అంటే ఏమిటి

క్లయింట్లు ఎక్కువగా వాడే మాట ఇదే, ఎక్కువగా అపార్థమయ్యే మాట కూడా ఇదే. ఒకరికి కలుపు తీయక్కర్లేకపోవడం, ఇంకొకరికి రోజూ నీళ్లు పట్టక్కర్లేకపోవడం, మరొకరికి ఆకులు ఊడ్వక్కర్లేకపోవడం. మూడింటికీ జవాబులు వేరు. అందుకే వారంలో ఎన్ని గంటలు, ఎవరు, ఏ పని ఇష్టంగా చేస్తారు అని విడగొట్టి అడగాలి.

పనిని బట్టి చూస్తే కుండీలు వేసవిలో రోజూ నీళ్లడుగుతాయి. లాన్ ఎదిగే కాలంలో వారానికోసారి కోత అడుగుతుంది. కత్తిరించిన కంచె ఏడాదికి కొన్నిసార్లు. నేలలో సరైన దూరంలో నాటిన పొదలు మొదటి రెండేళ్లు శ్రద్ధ కోరతాయి, తర్వాత చాలావరకు వాటి మానాన అవి ఉంటాయి. గుడ్డ పరిచి కంకర పోస్తే కలుపు రాదంటారు. మొదట్లో నిజమే. తర్వాత కంకర సందుల్లో దుమ్ము, ఆకులు చేరి పలచటి మట్టి పొర తయారవుతుంది, గింజలు పైనుంచి పడి అక్కడే మొలుస్తాయి, వేళ్లు గుడ్డను పట్టుకుంటాయి. అప్పుడు పీకడం మామూలు మట్టిలో కన్నా కష్టం. 5 నుంచి 7 సెంటీమీటర్ల ఆకు లేదా చెక్కపొట్టు మల్చ్ (నేలను కప్పే పొర), కాండానికి తగలకుండా వేస్తే, కలుపూ తగ్గుతుంది, తేమా నిలుస్తుంది. ఏటా కొంచెం కలపాలి.

అదే 54 చదరపు మీటర్లు, ముగ్గురు క్లయింట్లు

మొదటి ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు. వాళ్లకు పరిగెత్తే చోటు, పెద్దలకు వంటింటి కిటికీలోంచి వాళ్లు కనిపించడం కావాలి. నడుమ 25 చదరపు మీటర్లు ఖాళీగా వదలాలి, పొడవాటి పొదలన్నీ అంచులకే. పిల్లలు కొన్ని సెంటీమీటర్ల నీటిలో కూడా మునిగిపోగలరు కాబట్టి తెరిచి ఉన్న నీటితొట్టి వద్దు. నీటి చప్పుడు కావాలంటే తొట్టిని నేలలో పాతి, పైన జాలీ, రాళ్లు వేసి వాటి మీదుగా నీరు జారేలా చేయవచ్చు. గన్నేరు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త, ఆముదం విషపూరితం, ఈ తోటలో వాటికి చోటు లేదు. నిజం చెప్పాలంటే ఇది ఏడెనిమిదేళ్ల తోట. పిల్లలు పెద్దయ్యాక ఆ ఖాళీ ఏమవుతుందో ఇప్పుడే గీసి ఉంచితే, చెట్టును ఇప్పుడే సరైన మూలలో నాటవచ్చు.

రెండో ఇంట్లో వృద్ధ దంపతులు, ఒకరు వీల్‌చెయిర్‌లో. ఇక్కడ మొక్కల కన్నా ముందు బాట. వెడల్పు 120 సెంటీమీటర్లు, తిరగాల్సిన చోట 150 సెంటీమీటర్ల వృత్తం. వాలు 1:12 మించకూడదు, 1:20 అయితే చేతులకు హాయి. గుమ్మం నుంచి పెరటికి 30 సెంటీమీటర్ల దిగుడు ఉంటే 1:12 చొప్పున 3.6 మీటర్ల ర్యాంప్, 1:20 చొప్పున 6 మీటర్లు. 6 మీటర్లంటే పెరటి లోతంతా! ఇంటి గోడ వెంట తూర్పు పడమరలుగా తిప్పితేనే కుదురుతుంది. అలా తిప్పగానే గోడ వెంట మార్చిలో పడే 2.4 మీటర్ల నీడ పట్టీలో చాలా భాగం ర్యాంప్‌కే పోతుంది. ఎటూ అక్కడ ఎండ మొక్కలు బతకవు కాబట్టి నష్టం లేదు. వదులు కంకరలో చక్రాలు దిగబడతాయి, గట్టి గరుకు ఉపరితలం వేయాలి. మడులు 60 నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తులో, ఒకవైపు నుంచే అందేవైతే 60 సెంటీమీటర్ల వెడల్పు, రెండువైపులా చేరగలిగితే 120. ఎత్తు మడి త్వరగా ఆరుతుంది, డ్రిప్ లేకపోతే ఆ ఇంట్లో నీళ్లు పట్టే భారం ఎవరి మీద పడుతుందో ఆలోచించాలి.

మూడో ఇంట్లో మొక్కలంటే ప్రాణం, కానీ నెలలో సగం రోజులు ఊళ్లో ఉండరు. ఇక్కడ కుండీలు దాదాపు వద్దు. నేలలో మడులు, టైమర్ పెట్టిన డ్రిప్. వేడి రోజున నేల నుంచి, ఆకుల నుంచి కలిపి 5 మిల్లీమీటర్ల నీరు ఆవిరవుతుందనుకుందాం. మామూలు పొదలకు అందులో సగం సరిపోతుంది. 20 చదరపు మీటర్ల మడికి 20 × 5 × 0.5, రోజుకు 50 లీటర్లు. గంటకు 2 లీటర్లిచ్చే డ్రిప్పర్లు 25 పెడితే గంట సేపు. అదే చోట లాన్ ఉంటే గుణకం 0.7 వరకు పోతుంది, 70 లీటర్లు, పైగా స్ప్రింక్లర్ కావాలి. దాహం ఎక్కువున్న మొక్కల్నీ, తక్కువున్నవాటినీ ఒకే పైపు మీద పెట్టడం ఇలాంటి తోటల్లో మామూలుగా జరిగే పొరపాటు. ఒకటి కుళ్లుతుంది, పక్కది ఎండుతుంది, టైమర్‌ను ఎలా తిప్పినా రెండూ బాగుండవు.

లాన్ కావాలా, స్థానిక మొక్కలేనా: ఎడతెగని రెండు వాదనలు

లాన్‌ను సమర్థించేవాళ్లు చెప్పేదాంట్లో బలం ఉంది. పిల్లలు పడినా దెబ్బ తగలని మెత్తటి నేల, వాననీటిని ఇంకించుకునే నేల, గచ్చుతో పోలిస్తే ఎంతో చల్లటి నేల. వ్యతిరేకించేవాళ్లు నీటి వాడకం, ఆగని కోత, ఒకే జాతి గడ్డి వల్ల పురుగులకు, పక్షులకు ఏమీ మిగలకపోవడం చూపిస్తారు. మన పెరటి విషయంలో ఈ వాదన అవసరమే లేదు. గరిక జాతి గడ్డికి ఆరు గంటల ఎండ కావాలి, ఇక్కడ చలికాలంలో అది దొరకదు. పిల్లల కోసం వేయాలంటే నీడను కొంత ఓర్చుకునే రకాన్ని ఎంచుకుని, చలికాలంలో పలచబడుతుందని ఒప్పుకోవాలి. ప్లాస్టిక్ గడ్డి నీరు అడగదు, నిజమే. ఆవిరి ద్వారా చల్లబడే గుణం దానికి లేదు, జూన్ ఎండలో ఒట్టి పాదం పెట్టలేనంత కాగుతుంది.

స్థానిక మొక్కల విషయంలో తూకం ఇంకా కష్టం. చాలా సీతాకోకచిలుకల గొంగళిపురుగులు కొన్ని మొక్కల ఆకుల్నే తింటాయి. ఆ మొక్కలు లేకపోతే తోటలో పువ్వులెన్ని ఉన్నా ఆ జాతి నిలవదు. లాంటానాలా తోటల్లోంచి తప్పించుకుని అడవుల్ని కమ్మేసిన విదేశీ మొక్కలూ ఉన్నాయి. మరోవైపు, ఇటుక ముక్కలు, సిమెంటు కలిసిన ఇంటి చుట్టుపక్కల మట్టి, గోడల నుంచి కొట్టే వేడి, ఆ ప్రాంతపు సహజ నేలకు పోలికే లేనివి. స్థానికమైనంత మాత్రాన అక్కడ బతుకుతుందన్న హామీ లేదు. చెట్లు, పెద్ద పొదలు స్థానికమైనవి, చిన్న ఖాళీల్లో వ్యాపించే గుణం లేని బయటి మొక్కలు అన్న పద్ధతి నాకు సబబుగా తోస్తుంది.

దూరాలు, వరస

నర్సరీ కవర్లో మొక్కను చూసి దూరం నిర్ణయిస్తేనే పొదలు బాట మీదికి వస్తాయి. పూర్తిగా ఎదిగాక ఉండే వెడల్పులు రెండూ కలిపి సగం చేస్తే నాటే దూరం. 1.5 మీటర్ల పొదకూ, మీటరు పొదకూ మధ్య 1.25 మీటర్లు. బాట అంచు నుంచి 75 సెంటీమీటర్లు, అంటే పెద్ద పొద వెడల్పులో సగం. మొదటి రెండేళ్లు తోట బోసిగా కనిపిస్తుంది, క్లయింటుకు అదే నచ్చదు. ఆ ఖాళీలను ఒక సీజన్ పూలమొక్కలతో నింపాలే తప్ప పొదల్ని దగ్గరకు జరపకూడదు. చెట్టు విషయంలో గోడ, డ్రైనేజీ పైపు, పైన వెళ్లే కరెంటు తీగలు మూడూ చూడాలి. నల్లరేగడి లాంటి బంకనేలల్లో ఇంకా జాగ్రత్త కావాలి. చెట్టు నీరు పీల్చినప్పుడు ఆ నేల కుంచించుకుపోయి పునాది కదులుతుంది.

గాలి ఎక్కువుండే చోట గట్టి గోడ కన్నా కంచె మేలు. గోడను దాటిన గాలి అవతల సుడి తిరుగుతుంది. సగం గాలిని వదిలే పొదల కంచె తన ఎత్తుకు పది రెట్ల దూరం వరకు గాలి వేగాన్ని తగ్గిస్తుంది. మన 6 మీటర్ల పెరటికి మీటరున్నర కంచె చాలు.

డబ్బు ఒకేసారి లేనప్పుడు తోటను విడతలుగా చేయవచ్చు, వరస మాత్రం మారకూడదు. మట్టాలు, కాలువలు ముందు. తర్వాత బాటలు, గట్లు. తర్వాత అణిగిన మట్టిని అడుగు లోతు గుల్ల చేసి కంపోస్ట్ కలపడం. చెట్లు, పొదలు, చివరికి నేలను పరుచుకునే మొక్కలు. డ్రిప్, లైట్లు ఎప్పుడో పెట్టుకుందాంలే అనుకున్నా సరే, బాట పరిచే రోజునే దాని కింద అడ్డంగా రెండు ఖాళీ పీవీసీ పైపులు వేసి, రెండు చివరలూ మూతలు బిగించి, ఎక్కడ ఉన్నాయో ప్లాన్ మీద గుర్తు పెట్టాలి.